అడగని దాహం

మిట్టమధ్యాహ్నానికి చిటపట చేతిలో ఉన్న సరుకు ఇంతే. ఒక కుండెడు నిమ్మరసం, ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, ఒక స్టీలు గ్లాసు. వీటన్నిటికీ మించి, గొంతుదాకా కోపం.

ఆ అమ్మాయికి అసలు పేరు వేరే ఉంది. కానీ ఒక్క మాట పడితే చాలు, కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు పేలుతుంది. అందుకని ఇంట్లో అందరికీ ఆమె చిటపటే.

వాళ్ళది ఇస్త్రీ దుకాణం. పైన రేకుల కప్పు, లోపల బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఎంత ఎండాకాలమైనా అక్కడ ఫ్యాన్ వేయరు. వేస్తే పెట్టెలోని బూడిద ఎగిరి తెల్ల బట్టల మీద వాలుతుంది.

అందుకే ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. వేడి పెట్టె పట్టినవాళ్ళు పని వదిలి నీళ్ళ కోసం వెళ్ళరు. పక్కవాళ్ళే గ్లాసు తెచ్చి నోటికి అందించాలి. సెలవులు రాగానే ఆ పని తనకే కావాలని చిటపట అమ్మను పోరి పోరి సాధించింది.

ఆ రోజు హోటలు వాళ్ళ తెల్ల కోట్లు సాయంత్రానికల్లా సిద్ధం కావాలి. "ఆలస్యమైతే రేపటినుంచి వేరే దుకాణం చూసుకుంటాం" అని మేనేజరు ముందే తేల్చి చెప్పాడు. నాన్న ఊళ్ళో లేడు. అమ్మ మూటలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. పెట్టె పట్టే చెయ్యి బాబాయిదొక్కటే.

చిటపట మొదటి గ్లాసు అందించింది. బాబాయి గుక్కెడు తాగి, గుమ్మం బయటికి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏంటే ఇది? నిమ్మరసమా, సముద్రమా? గేదెకి పోస్తే అది కూడా మనమీద కేసు పెడుతుంది!"

ఏప్రన్ల కోసం వచ్చిన బేకరీ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చిటపట మొహం పెట్టెలోని బొగ్గులా ఎర్రబడింది.

"నీ ఇస్త్రీకన్నా నయమేలే బాబాయ్! మడతలు తీయమంటే కొత్త మడతలు పెడతావు!"

బేకరీ ఆయన ఇంకా నవ్వాడు. ఈసారి మొహం ఎర్రబడటం బాబాయి వంతు.

"పోవే! నీ నీళ్ళు నువ్వే తాగు."

"సారీ చెప్పి అడిగితే ఇస్తా. లేకపోతే చుక్క కూడా ఇవ్వను."

"అడిగితే నా పేరు మార్చుకుంటా!"

బేరం అక్కడితో తెగింది. రెండు వైపులా నష్టమే వచ్చే బేరం అది. కోపంలో ఉన్నవాళ్ళకు అలాంటివే ఘనంగా కనిపిస్తాయి.

బేకరీ ఆయన పోతూ పోతూ తన సంచిలోని రంగు సోడా సీసా బాబాయికిచ్చాడు. బాబాయి దాన్ని చిటపటకు కనబడేలా ఎత్తి పట్టుకుని గటగటా తాగేశాడు. గ్యాసు ముక్కులోకి తన్నింది. తీపి నాలుకకు జిగురులా అంటుకుంది. దాహం మాత్రం అలాగే ఉండిపోయింది.

చిటపట కుండ పక్కన స్టూలు మీద కూర్చుంది. గ్లాసుతో కుండ మీద టంగు టంగుమని కొట్టసాగింది.

"ఆపవే ఆ గోల!"

"దాహమేస్తోందా బాబాయ్?"

"వేయట్లేదు!"

వేస్తోంది. పెదాలు తడుపుకుంటున్నాడు. చూపు కుండ వైపు వెళ్ళడం, చప్పున వెనక్కి రావడం చిటపటకు కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు అడుగుతాడు, ఇదిగో అడగబోతున్నాడు అనుకుంటూ ఆమె లోలోపల సంబరపడింది.

ఒక్కో కోటు పూర్తవుతోంది. బాబాయి చెయ్యి నెమ్మదించింది. ఇందాక ధారగా కారిన చెమట ఇప్పుడు కారడం లేదు. అది మంచి గుర్తు కాదని చిటపటకు తెలియదు. పంతం నెగ్గించుకునే పనిలో ఉన్నవాళ్ళకు ఎదుటి మనిషి సరిగ్గా కనిపించడు.

ఉన్నట్టుండి మాడు వాసన వచ్చింది.

పెట్టె ఒకేచోట ఆగిపోయి ఉంది. దాని కింద తెల్ల కోటు పొగలు కక్కుతోంది. బాబాయి బల్ల అంచు పట్టుకుని, అలాగే నేలమీద కూలబడ్డాడు.

"అమ్మా!" అని చిటపట అరిచింది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అమ్మ ఒక్క అంగలో పెట్టె లాగేసింది. కోటు వీపున పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. అమ్మ దానివైపు చూడను కూడా చూడలేదు. బాబాయిని గుమ్మం నీడలోకి నడిపించి కూర్చోబెట్టింది. తడిబట్ట మెడమీద వేసింది.

"పొద్దుటినుంచి ఏం తాగావు?"

"సోడా... వదినా..."

అమ్మ చిటపట వైపు తిరిగింది. "నువ్వేం చేస్తున్నావు?"

"తను అడగలేదు!"

"పెట్టె పట్టినవాడు అడుగుతాడా? దాహమేసిందంటేనే ఒంట్లో నీళ్ళు తగ్గిపోయినట్టు. అడిగేదాకా కాచుకుని కూర్చోడానికి నువ్వెందుకు, ఆ స్టూలు చాలదూ?"

చిటపట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కోపం తగ్గలేదు. గ్లాసు ముంచి విసురుగా బాబాయి నోటిదగ్గర పెట్టింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

"అది... వద్దు."

"చూశావా అమ్మా! ఇంకా పంతమే! ఇందులో ఏముందని? ఇదిగో, నేనే తాగుతా!"

పెద్ద గుక్క నోట్లో పోసుకుంది.

మింగలేకపోయింది. ఉమ్మలేకపోయింది. బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడిపోయింది.

సముద్రమే. పంచదార అనుకుని రెండోసారి కూడా ఉప్పే వేసేసింది. చేసినప్పటినుంచీ ఒక్క చుక్కైనా రుచి చూడలేదు. తాను రుచి చూడని సరుకు కోసం పొద్దుటినుంచీ పోట్లాడింది.

బయటికి పరుగెత్తి ఉమ్మేసింది. లోపలికి వచ్చి కుండెడూ మోరీలో పారబోసింది. అమ్మ బాబాయికి మంచినీళ్ళు కొంచెం కొంచెంగా పడుతుంటే, ఈమె మళ్ళీ నిమ్మకాయలు పిండింది. వేళ్ళ కొసలతో చిటికెడే ఉప్పు తీసింది. పంచదార నాలుక మీద వేసుకుని చూశాకే నీళ్ళలో కలిపింది. రుచి చూసింది. ఇంకొంచెం తీపి వేసి, మళ్ళీ చూసింది.

బాబాయికి కళ్ళు తేటపడ్డాయి. అమ్మ ఆయన్ని లేవనివ్వలేదు. "కూర్చుని మడతలు పెట్టు. పెట్టె నాది" అని కొంగు దోపుకుంది.

చిటపట గ్లాసు పట్టుకుని వచ్చి బాబాయి ముందు నిలబడింది. ఆయన అనుమానంగా చూశాడు.

"రుచి చూశావా?"

"రెండుసార్లు."

"నామీద కోపం పోయిందా?"

"పోలేదు. తాగు."

తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "ఉప్పు కాస్త తగ్గిందేమో."

చిటపట పళ్ళు కొరికింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆపి, గ్లాసు మళ్ళీ నింపి అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ చేతిలో పెట్టె కదులుతూనే ఉంది. గ్లాసు ఆమె పెదాలకు ఆనించి, ఒలక్కుండా నెమ్మదిగా వంచింది. అమ్మ అడగలేదు. ఆ తర్వాత బాబాయి కూడా అడగలేదు. ఎవరి గ్లాసు వాళ్ళకు అందుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా మేనేజరు వచ్చాడు. మాడిన కోటు చూసి మండిపడ్డాడు. అమ్మ కొత్తది కుట్టించి ఇస్తానంది. ఆయన గొణుక్కుంటూనే మిగతా కోట్లు ఎత్తించుకుని, "రేపటి మూట పంపిస్తా" అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఆ రోజు లెక్క తీస్తే, నష్టం ఒక తెల్ల కోటు. ఇద్దరిలో ఎవరి కోపమూ ఇంకా పూర్తిగా చల్లారలేదు. మిగిలినదల్లా ఇది: దుకాణం తలుపులు మూశాక, ఎవరి భుజమూ పట్టుకోకుండా, బాబాయి తన కాళ్ళమీద తాను ఇంటికి నడిచాడు.