నూకాలు గది

భీమిలి ఒడ్డున ఆ ఉదయం వీధి వీధంతా మెల్లగా ఒళ్లు విరుచుకుంటోంది. మనుషులు పెరిగిన ఇంటికి గది మొలుస్తోంది, తగ్గిన ఇంట్లో కరుగుతోంది. గరగయ్య ఇల్లు మాత్రం కదలలేదు. కవలలు పుట్టి ఇంతకాలమైనా ఆ ఇంటికి రావలసిన గది రాలేదని తెలిసి, ప్రొఫెసర్ పైల హైమవతి విద్యార్థులను వెంటబెట్టుకుని స్వయంగా వచ్చింది.

ఎదుగుగోడలు ఆమె సృష్టే. సముద్రం ముందుకొచ్చి నేల కరువైన రోజుల్లో, రాజధానికి రమ్మని పిలుపులొచ్చినా పోకుండా ఈ జాలరిపేటలోనే మకాం వేసింది. పగలు కట్టడం, సాయంత్రం పాఠం. ఆమె శిష్యులు లేని తీరపట్టణం లేదు. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: మనిషి వెచ్చదనం తగలని గది నెల తిరిగేసరికి కరిగి, చోటు చాలని పొరుగింటికి చేరాలి. ఆ న్యాయం వల్లే పేటలో ఎవరూ వీధిన పడలేదు.

"పక్కింట్లో ఉండేది ఒక్కరే మేడమ్," అన్నాడు శిష్యుడు తన్వీర్, ఏ గది ఎంత వెచ్చగా ఉందో తెలిపే తాపపటం చూపిస్తూ. "రెండో గది మాత్రం ఎప్పుడూ వెచ్చగానే ఉంటోంది."

ఆ ఇంటి పోలేశ్వరి తలుపు తీసి, హైమవతిని చూసి కంగారుపడింది. వెనక గదిలో చీర ఉయ్యాల్లో కవలలు నిద్రపోతున్నారు. పక్కన కూర్చుని ఊపుతున్నది గరగయ్యే.

"మా సెల్లి నూకాలు గదమ్మా ఇది," అంది పోలేశ్వరి. "వానల్లో పోయింది. గది కూడా పోతాదని ఏడిస్తే, ఈ మావ పిల్లల్ని తెచ్చి పడుకోబెట్టాడు."

"నీకు రావలసిన గదేగా గరగయ్యా?" అంది హైమవతి.

"గోడకటేపుంటే ఏటి, ఇటేపుంటే ఏటమ్మా? పిల్లలు నిద్దరోతన్నారు గదా."

హైమవతి గది చుట్టూ చూసింది. దండెం మీద నూకాలు చీర ఇంకా అలాగే ఉంది.

"నియమం మార్చాలేమో మేడమ్," అన్నాడు తన్వీర్ మెల్లగా. "మనిషి పోయాక గోడ ఎన్నాళ్లు ఆగాలని రాద్దాం?"

ఆమె పోలేశ్వరి వైపు చూసింది.

"ఏమోనమ్మా. సాలనిపించిన్నాడు నేనే సెప్తాను."

"అలాగే రాయి తన్వీర్. ముందు ఇంటివాళ్లను అడగాలి. వాళ్లు చెప్పాకే కరగాలి."

అంతలో ఓ బిడ్డ కదిలి ఏడుపు అందుకుంది. గరగయ్య లేవబోతే హైమవతి వారించి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికెళ్లి ఉయ్యాల తాడు అందుకుంది.