అడ్రసు వాడుకలో ఉంది

ఆ భవనంలో నాలుగో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

ఒకప్పుడు అది ఎక్స్‌రే గది. గోడల్లో సీసం రేకులు, కిటికీ లేదు, తలుపు తోస్తే భుజం నొప్పి పుట్టేంత బరువు. ముప్పై ఏళ్ళు అక్కడ ఎక్స్‌రేలు తీసినాయన ఒక సాయంత్రం స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. తర్వాత ఆ గదిలో దిగిన దర్జీ రెండు నెలలకే మిషను మోసుకుని వెళ్ళిపోయాడు. చీకటి పడ్డాక చెవి పక్కన ఎవరో, "ఊపిరి బిగబట్టండి..." అంటారట. వదలమని మాత్రం అనరట.

విన్నది విన్నట్టు చెబుతున్నా. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

దర్జీ తర్వాత ఆ గదిలోకి వచ్చింది పళ్ళక్క. ఆవిడ పళ్ళని చూసి పెట్టిన పేరు కాదు లెండి, పనిని చూసి పెట్టింది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి దవడలు తీస్తుంది, మైనంలో పళ్ళు పేర్చి కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. అల్మరా నిండా నోళ్ళు తెరుచుకున్న దవడలే. ఇన్ని నోళ్ళ మధ్య ఇంకో దెయ్యం ఎక్కడ ఇముడుతుందని నవ్వేసేది.

చేసేది అక్క, డాక్టర్లకి చేర్చేది చెల్లెలు. ఏడేళ్ళు అలాగే నడిచింది. మొన్నీమధ్యే చెడింది. ఒక పెద్దాయన పళ్ళు వెళ్ళి ఒక పెద్దావిడ నోట్లో కూర్చోబోయాయి. డాక్టరు ఫోన్ చేసి చెడామడా దులిపాడు. అక్క ఆ దుమ్మంతా చెల్లెలి మీద దులిపింది, పైన సొంతంగా ఒక మాట కూడా అంది. చెల్లెలు సంచీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. పదకొండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

అప్పటిదాకా సాయంత్రాలు అక్క కూతురు పాపని క్రెష్ నుంచి తెచ్చేది చెల్లెలే. పాప నాన్నది ఓడ మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి కనిపిస్తాడు. ఇప్పుడు ఆ పని కూడా అక్కదే. క్రెష్ ఏడింటికి మూస్తారు. పాపకి నాలుగేళ్ళు, అందరూ వెళ్ళిపోయి తనొక్కతే మిగిలితే ఎక్కిళ్ళు పడేలా ఏడుస్తుంది.

ఆ రోజు శనివారం. ఆరు దాటింది. అంతస్తులో మిగతా గదులన్నీ మూసేశారు.

ఆ భవనంలో అన్నీ యాప్‌తోనే. తలుపు తీయాలన్నా, లైటు వెలగాలన్నా, వైఫై రావాలన్నా అదే. లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికి కూడా ఫోన్లో నొక్కాలి. పళ్ళక్క అకౌంటు ఇద్దరి పేరున ఉంది. అది కనిపించినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండుతోంది. దాన్ని తీసేసి, 'ముత్యం' అని కొత్త పేరుతో ఇంకోటి తెరుద్దామనుకుంది. ఈమెయిల్ అడ్రసు మాత్రం పాతదే. కరెంటు బిల్లు నుంచి పాప క్రెష్ దాకా పదేళ్ళుగా అన్నిటికీ అదే కదా, మార్చడమెందుకు? రెండు నిమిషాల పని.

తొలగించు — నొక్కింది.

లైట్లు ఆరిపోయాయి.

ఫ్యాను ఆగింది. లోపల మనుషులే లేరని భవనం అనుకుంది. చీకట్లో తడుముకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి తోసింది. కదల్లేదు. పక్కన అత్యవసరానికని ఒక బటన్ ఉండాలి... ఉంది, దవడల అల్మరా వెనకాల. స్థలం కలిసొస్తుందని దాన్ని గోడకి బోల్టులు వేసి బిగించింది తనే.

తలుపు బాదింది. కేక వేసింది. సీసం గోడలు కదా, శబ్దం ఎక్కడికి పోతుంది? ఫోన్ సిగ్నలు ఆ గదిలో మొదటినుంచీ లేదు. వైఫై ఉంది గానీ, అకౌంటు లేనివాళ్ళకి ఒకే ఒక్క పేజీ చూపిస్తుంది. 'కొత్తగా చేరండి' అని.

సరే, చేరదాం. అడ్రసు కొట్టింది. పేరు: ముత్యం. రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారి సరిగ్గా పడింది. నొక్కబోతుండగా —

లైట్లు వెలిగాయి.

ఆవిడ నొక్కనే లేదు. ఫ్యాను మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఎవరో ఇప్పుడే గదిలోకి వచ్చినట్టు.

గబుక్కున నొక్కింది. పేజీ ఇలా చెప్పింది: 'ఈ అడ్రసు వాడుకలో ఉంది. మీ పేరు వారికి తెలియజేశాం.'

వారెవరు? ఇప్పుడే చేజేతులా తీసేసింది కదా. మళ్ళీ నొక్కింది. ఈసారి ఇంకో ముక్క కూడా వచ్చింది: 'ఈ అడ్రసు "ముత్యం ఎవరు" అనే పేరుతో వాడుకలో ఉంది.'

పేరు రాసే గళ్ళో ఎవరో తనని పలకరిస్తున్నారు.

అదే గళ్ళో తనూ రాసింది. "నువ్వెవరు."

తర్వాత నొక్కితే... పేరు మారింది. 'ముందు నువ్వు చెప్పు.'

మూలనున్న ఆ పాత స్టూలు వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఖాళీగానే ఉంది. ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది ఆవిడకి, వదలడానికి భయమేసింది.

"ఈ గదిలో ఎవరున్నారు."

'గది సంగతి నీకెలా తెలుసు.'

"బాబ్బాబు," అని గొణిగింది, గదికి చెబుతోందో ఫోనుకి చెబుతోందో తనకే తెలియకుండా. టైం చూసింది. ఆరూ ముప్పై ఐదు. రాసింది: "నన్ను వదిలెయ్యి. పాప ఎదురుచూస్తోంది."

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

'పాప నా దగ్గరే ఉంది.'

అల్మరాకి ఆనుకుని కింద కూలబడింది. ఎక్స్‌రే ఆయనో, ఇంకెవరో, తనని ఏమైనా చెయ్యనీ. పాప జోలికెందుకు? "దాన్నేం చెయ్యకు," అని రాసింది. "నన్ను ఉంచుకో. దాన్ని పంపెయ్యి." కన్నీళ్ళకి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని నొక్కింది.

రెండు నిమిషాలకి పేరు మారింది.

'మా అక్కని ఏం చేశావురా.'

పళ్ళక్క చదివింది, మళ్ళీ చదివింది. ఆ పైన, ఏడుస్తున్నదల్లా ఒక్కసారిగా నవ్వింది. మళ్ళీ ఏడ్చింది.

పదేళ్ళ కిందట ఆ ఈమెయిల్ పెట్టింది చెల్లెలే. ఇద్దరికీ ఒక్కటి చాల్లే అని, ఇద్దరి ఫోన్లలోనూ అదే తెరిచి ఉంచింది. 'మీ అకౌంటు తొలగించాం, ఇది మీరు చేసింది కాకపోతే ఇక్కడ నొక్కండి' అని ఉత్తరం వెళ్ళింది చెల్లెలి ఫోనుకి. మా అక్కకి ఫోన్లో అలారం పెట్టుకోవడమే సరిగ్గా రాదు, ఇది దొంగల పనే అనుకుని నొక్కింది. అకౌంటు బతికింది, లైట్లు వెలిగాయి, కానీ ఇప్పుడది చెల్లెలి ఫోన్లోనే తెరుచుకుంది, పేర్లు మారుస్తున్నదీ తనే. అక్కకి ఫోన్ చేస్తే అందలేదు. పంతం పక్కన పెట్టి ఆరుసార్లు చేసింది. ఇక కాలు నిలవక, ముందు క్రెష్‌కి పరిగెత్తి పాపని చంకనేసుకుంది.

పళ్ళక్క రాసింది: "నేనేనే. అక్కని. గదిలో ఇరుక్కుపోయా."

'అక్కవైతే ఆ రోజు నన్నేమన్నావో చెప్పు.'

తెలివైన ప్రశ్నే. ఆ మాట విన్నది ఇద్దరే. కానీ దాన్ని ఇప్పుడు, ఈ చేతుల్తో, అక్షరం అక్షరం కొట్టాలి. కొట్టింది.

"నువ్వు లేకపోయినా నా పనేం ఆగదు."

నొక్కింది.

మళ్ళీ నొక్కింది. పాత పేరే ఉంది. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. కోపం పోలేదు దానికి, ఎలా పోతుంది? ఆ గళ్ళో ముప్పై నలభై అక్షరాల కంటే పట్టవు. అందుకని ముక్కలు ముక్కలుగా పంపింది.

"అచ్చుల మీద పేర్లు రాయడం నేనే మర్చిపోయా."

"ఆ సంగతి ఆ రాత్రే తెలిసింది నాకు."

"తెలిసి కూడా నోరు మూసుకున్నా."

"పాప రోజూ పిన్ని ఏదని అడుగుతోంది."

"ఊరెళ్ళావని అబద్ధం చెబుతున్నా."

"నువ్వు లేకపోతే నాకు చేతులాడ్డం లేదే."

ఇక రాయడానికి ఏమీ మిగల్లేదు. లేచి, ఓపిక లేక తలుపు మీదకి వాలిపోయింది. బరువుకి తలుపు మెల్లగా, చప్పుడు లేకుండా... అవతలికి జరిగింది. ఆవిడ బోర్లా వెళ్ళి వరండాలో పడింది.

మెట్లన్నీ ఎలా దిగిందో తెలియదు. క్రెష్ గేటు పక్కన అరుగు మీద చెల్లెలు కూర్చుని ఉంది. పాప ఒళ్ళో నిద్రపోతోంది. పళ్ళక్క వచ్చి పక్కన కూలబడి పాప జుట్టు నిమిరింది. తర్వాత, కాస్త జంకుతూ, చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చెల్లెలు విడిపించుకోలేదు.

"అంతసేపా తలుపు తీయడానికి?" అంది పళ్ళక్క మెల్లగా.

చెల్లెలు ఫోన్ చూపించింది. తలుపు తీసింది ఆరూ నలభై ఒకటికి. ఆ మాట చదివిన మరుక్షణమే. ఆ కింద వరసగా, ఆరూ యాభై రెండు దాకా, అక్క పంపిన ముక్కలన్నీ ఉన్నాయి.

"తెరిచే ఉందా? మరి తోసి చూడమని ఒక్క ముక్క చెప్పొద్దూ?"

చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "చెబుదామనే అనుకున్నానక్కా. ఇంకాస్త రాస్తావేమోనని ఊరుకున్నా."