ఏడో మలుపులో బ్రేకు

కేరళ కొండల్లోని కుట్టిక్కానంలో నేను కార్ల షెడ్డు తెరిచి నాలుగు నెలలు. ముప్ఫై ఒక్క కార్లు బాగుచేస్తే ముప్ఫై తిరిగి రాలేదు. సారమ్మ చేచ్చి, అంటే సారమ్మక్క, నడిపే డ్రైవింగ్ స్కూలు కారు మాత్రం మూడోసారి వచ్చింది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు రాయిలా గట్టిపడుతోందట. రెండు కాళ్లతో తొక్కితే గానీ కారు ఆగడం లేదు. రేపు పొద్దున నేర్చుకునే నలుగురు పిల్లలు ఇదే కారులో ఘాట్ దిగాలి.

మధ్యాహ్నం మూడింటికే మంచు షెడ్డులోకి వచ్చేసింది. తడిసిన యూకలిప్టస్ ఆకుల వాసన. ఇంజిన్ ఆపి పెడల్‌ను ఐదుసార్లు తొక్కాను. గట్టిపడింది. కాలు తియ్యకుండా స్టార్ట్ చేశాను. రెండు వేళ్ల మందం దిగింది. అంటే, కాలికి బలమిచ్చే బూస్టర్ బాగానే ఉంది. గొట్టంలో గాలి బుస లేదు. ప్యాడ్లు ఇంకా ఏడు మిల్లీమీటర్లు ఉన్నాయి.

ఇక మిగిలింది ఎడమ పెడల్. నేర్పేవాళ్ల సీటు ముందుండే రెండో బ్రేకు. కడ్డీతో డ్రైవర్ పెడల్‌కు కలిపి ఉంటుంది.

నాకు డ్రైవింగ్ నేర్పింది చేచ్చి భర్త వర్కీ సారే. దిగుడులో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే ఆధారపడితే, తన బూటు మొన ఆ పెడల్ కిందికి దూర్చి పైకి ఎత్తిపట్టేవాడు. ఎంత తొక్కినా దిగేది కాదు. భయంతో గేరు వేసేవాళ్లం.

"ఆ పాడు అలవాటు మానమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. పెళ్లాం మాట వింటే వర్కీ ఎందుకవుతాడు," ఆ సంగతి ఎత్తగానే అంది, కారు తెచ్చిన చేచ్చి.

ఏడో మలుపులో, ఆ ఎడమ సీట్లోనే ఆయన గుండె ఆగింది. రోజూ పాలిష్ పెట్టుకునే బూట్లతోనే పెట్టెలో పడుకోబెట్టాం. నలభై ఒకటో రోజు ప్రార్థన మొన్ననే అయింది.

ఎడమ పెడల్, కడ్డీ రెండూ విప్పి బల్ల మీద పెట్టాను. తడి చెప్పులు వదిలేసి ఘాట్ దిగి చూద్దామని ఉత్త కాళ్లతోనే స్టీరింగు దగ్గర కూర్చున్నాను. చేచ్చి వెనక ఎక్కింది.

ఆరు మలుపులూ పెడల్ వెన్నలా దిగింది. మంచులో యాభై అడుగుల మేరే కనిపిస్తోంది. ఏడో మలుపు. థర్డ్ గేరులో ఉన్నాను. తొక్కాను.

దిగలేదు.

రెండో కాలూ వేశాను... నడుము సీటుకు అదిమి తొక్కాను... దిగలేదు. తెల్లటి అడ్డుగోడ దగ్గరవుతోంది.

"మోనే..." కొడుకుని పిలిచినట్టు వెనకనుంచి చేచ్చి గుసగుస. "సెకండ్ వెయ్యి."

వేశాను. ఇంజిన్ మూలిగింది. పెడల్ ఒక్కసారిగా మెత్తబడింది. గోడకు జానెడు దూరంలో ఆగాం.

చేచ్చి ముందుకు వంగి ఎడమ సీటు వైపు చూసింది.

"ఆ పెడల్ తీసేశావు కదా?"

"తీశాను చేచ్చీ. షెడ్డులో ఉంది."

"మరి రేపు పిల్లల్ని..."

హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫోను లైటు వేసి వంగి చూశాను. ఎడమవైపు పెడల్ ఉండేచోట ఏమీ లేదు. నా పెడల్ అడుగున వేలు పెట్టి తడిమాను.

వేలికి నల్లగా అంటింది. బూటు పాలిష్... ఇంకా ఆరలేదు.