మొండి రేణువులు

మీట మీద వేలు పెట్టి కూడా డాక్టర్ ఇందుశేఖర్ ఇంకోసారి అడిగాడు.

"మీ నాన్నగారి గొంతు పూర్తిగా చెరిగిపోతుందమ్మా. ముందు ఒక కాపీ తీసి ఇవ్వనా? ఎంతోసేపు పట్టదు."

"అక్కర్లేదండీ," అంది హైమవతి. "ఆ పద్యాలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మా అమ్మ పాటను చెరిపేసిన మనిషి గొంతు నాకెందుకు?"

తెనాలి నుంచి ఆ ప్రయోగశాలకు ఆమె తెచ్చింది ఒకే ఒక్క కాసెట్. దానిమీద 'జోలపాట' అని తల్లి చేతిరాత ఇంకా ఉంది. లోపల మాత్రం తండ్రి నాటకం పద్యాలు, గుక్క తిప్పుకోని రాగాలు. తల్లి పోయేనాటికి హైమవతి పసిపిల్ల. పాట మీద పద్యాలు ఎందుకు రికార్డు చేశావని పెద్దయ్యాక ఎన్నిసార్లు అడిగినా తండ్రి నోరు మెదపలేదు. ఆయన పోయేదాకా ఈవిడా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. పంతానికి తండ్రికి తగ్గ కూతురే.

కాసెట్ టేపుకు పూసి ఉండేది ఐరన్ ఆక్సైడ్ పొడి. అందులో ప్రతి రేణువూ ఓ బుల్లి అయస్కాంతం. పాట రికార్డు చేస్తే రేణువులన్నీ ఆ పాటకు తగ్గట్టు తిరిగి నిలబడతాయి. దానిమీద మరొకటి రికార్డు చేస్తే చాలామటుకు కొత్తదాని వైపు తిరిగిపోతాయి. కొన్ని మొండివి మాత్రం పాత దిక్కునే పట్టుకుని కూర్చుంటాయి. ఇందుశేఖర్ యంత్రం మాట వినే రేణువులను చెల్లాచెదురు చేసి, మొండివాటిని మాట్లాడిస్తుంది.

మీట నొక్కాడు. టేపు తిరిగింది. చాలాసేపు గరగర. తర్వాత ఆడగొంతు, బొంగురుగా, రెండు చరణాలు పాడి దగ్గుతో ఆగిపోయింది. హైమవతి కొంగుతో నోరు నొక్కుకుంది. ఆమె ఏడుస్తోంది, సంతోషంగానే.

పాట అయిపోయినా మాట మిగిలింది.

"ఏవండీ, దీన్ని ఉంచకండి. జ్వరంతో నా గొంతు నాకే అసహ్యంగా ఉంది. మా అమ్మ గొంతు ఇంతేనా అనుకుంటుంది పిల్ల. దీనిమీద మీ పద్యాలు పాడెయ్యండి. అదెలాగూ మీ పద్యం వింటేగానీ నిద్రపోదు. నేనిలా అన్నానని మాత్రం దానికి చెప్పకండేం."

టేపు ఆగింది. హైమవతి కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"డాక్టరు గారూ, నాన్న పద్యం... ఒక్కసారి పెట్టండి."

ఆయన తల దించుకున్నాడు. "ఇక లేదమ్మా."

తిరుగు బస్సులో ఆమె ఆ పద్యం కూనిరాగం తీయబోయింది. చెవులు చిల్లులు పడేలా విన్నదే. మొదటి పాదం దాటి ఒక్క ముక్కా గుర్తు రాలేదు.