తువ్వాలు పరిచిన చోట

కొళాయి వచ్చే రోజు కావడంతో సువర్ణ తెల్లవారకముందే బిందెలు వరుసలో పెట్టి వచ్చింది. ఎవరి బిందెలు ఎవరివో తెలియడానికి ఆ వీధిలో ఒకరు రాయి పెడతారు, ఒకరు చెప్పు పెడతారు. సువర్ణ తన మొదటి బిందె మీద మొగుడి పాత తువ్వాలు కప్పుతుంది. ఇంట్లోకి వచ్చి ఉప్మా రవ్వ వేయించడం మొదలుపెట్టిందో లేదో, వీధిలో కేకలు వినిపించాయి.

గరిటె పడేసి పరుగెత్తింది. కొళాయి దగ్గర తమ కుక్క కరియ పళ్లు బయటపెట్టి నిలబడి ఉంది. ఎదురింటి ఓబమ్మ చిరిగిన చీర అంచు చేత్తో పట్టుకుని మట్టిలో కూర్చుని ఉంది.

"నీళ్లొచ్చినాయని నీ బిందెనే ముందుకు జరపబోతి సువర్ణా. మేలు చేయబోతే మీద పడె నీ కుక్క" అంది ఓబమ్మ.

ఇంటి ఓనరు వనజాక్షి మేడ మీంచి దిగి వచ్చింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆమె మాటంటే సువర్ణకు భయం.

"ఇది రెండోసారి సువర్ణా. వచ్చే ఆదివారంలోగా కుక్కన్నా పోవల్ల, మీరన్నా పోవల్ల. నేను మళ్లీ చెప్పను."

సువర్ణ కరియ మెడ పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి పైపుకు కట్టేసింది. లోపల ఉప్మా రవ్వ మాడిపోయింది.

కదిరి దగ్గర ఊళ్లో ఇదే కుక్క ఎంత బుద్ధిగా ఉండేదో తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోతోంది. వేసిన బోర్లన్నీ ఎండిపోయి, పోయినేడు చేను బీడు పెట్టి బుక్కరాయసముద్రం వచ్చారు. మొగుడు గంగాధరప్ప సిమెంటు అంగట్లో పనికి కుదిరాడు. అందరూ ఎలాగో సర్దుకున్నారు. కరియకు మాత్రం పిచ్చి పట్టింది. అదీ కొళాయి వచ్చే రోజుల్లోనే.

"ఏమప్పా, ఏం చేద్దామంటావు?" అని మొగుణ్ణి నిలదీసింది.

"చూద్దాంలే."

"ఎన్ని దినాలు చూస్తావు? ఆమె ఇల్లు ఖాళీ చేయమంటాండాది. నీకు వినపడిందా లేదా?"

గంగాధరప్ప తలవంచుకుని మాడిన ఉప్మానే తింటున్నాడు. మూలన మంచం మీద అత్త లక్ష్మీనరసమ్మ గొంతు సవరించుకుంది.

"దాన్ని యాడన్నా వదిలేట్టయితే నన్ను గూడా తోడు పంపించండి. ఇద్దరం ముసలోళ్లమే."

"అత్తా, మాడింది చాలక నువ్వొకదానివి."

"ఏమంటిని? వీడు కళ్లంలో శెనక్కాయల రాసి మీద తువ్వాలు పరిచి అన్నానికొస్తే, వాడు తిరిగొచ్చి ఎత్తి భుజాన ఏసుకునేదాంక నిన్ను గూడా దగ్గరికి రానీలేదే అది. అట్లాంటి కుక్కను పైపుకు కట్టేస్తిరి."

"అందరికీ కుక్క కావల్ల. దాని గురించి మాటలు పడేది మాత్రం నేను" అంది సువర్ణ. "నేను చావనా, ఈ సంసారం నెత్తిన పెట్టుకోని?"

ఆ మాటతో గంగాధరప్ప కంచం పక్కన పెట్టాడు. "మన ఊళ్లో గొర్రెలు కాసే గంగప్పకు ఇచ్చేస్తా. గొర్రెలకాడ ఉంటాది. ఆదివారం మా అంగడి లారీ కదిరికి పోతాది, దాంట్లో తీసుకపోతా. సరేనా?"

సరేనని ఆమె అనలేదు. కాని ఆదివారం పొద్దున సద్ది అన్నంలో మజ్జిగ ఎక్కువే పోసి కరియ ముందు పెట్టింది. అది తోక ఊపుకుంటూ తిని, లారీలోకి కూడా తోక ఊపుకుంటూనే ఎక్కింది.

సాయంత్రం గంగాధరప్ప బస్సులో తిరిగి వచ్చాడు. "ఇచ్చినా" అన్నాడు, ఎవరూ అడగకుండానే. కాళ్లు కడుక్కుని, తుడుచుకోవడానికి భుజం మీదికి చేయి పెట్టాడు. అక్కడేమీ లేదు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"తువ్వాలేదిరా?" అంది లక్ష్మీనరసమ్మ.

"బస్సులో మరిచినట్టుండా."

సువర్ణ చేతిలోని చెంబు కింద పెట్టింది. అతను చెప్పులు మరిచి వచ్చిన రోజులున్నాయి, గొడుగు మరిచి వచ్చిన రోజులున్నాయి. తువ్వాలు మరవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"యాడ పరిచినావప్పా?"

గంగాధరప్ప మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"గంగప్ప ల్యాడు. మందను తోలుకోని కొండకిందికి పోయినాడంట. బస్సు టైమయిపోతాండాది. నేను రెండడుగులు పోతే అది రెండడుగులు వస్తాండాది. రాయి గూడా తీసుకున్నా. ఏయనీకి చేయి రాల్యా. ఇంగేం చేయల్ల? కళ్లంలో తువ్వాలు పరిచి, ఈడే ఉండు అని చెప్పి వచ్చినా."

"కదలదు రా అది" అంది లక్ష్మీనరసమ్మ నెమ్మదిగా. "నువ్వు పోయి ఎత్తేదాంక కదలదు."

సువర్ణ గట్టిగా అరవబోయింది. అబద్ధం చెప్పినందుకు, నమ్మిన దాన్ని నమ్మకంతోనే కట్టేసి వచ్చినందుకు కడిగేయాలనుకుంది. అప్పుడే ఆమె చూపు వాకిట్లోని బిందెల మీద పడింది. పై బిందె మీద పాత తువ్వాలు మడిచి ఉంది.

వెళ్లి దాన్ని చేతిలోకి తీసుకుంది.

కొళాయి వచ్చే రోజుల్లోనే పట్టే పిచ్చి. ఎవరు పట్టించిన పిచ్చి అది? తనే తువ్వాలు కప్పింది. తనే కాపలా పెట్టింది. అది చెప్పిన పని చేస్తే, మెడ పట్టి లాక్కొచ్చి పైపుకు కట్టేసింది.

"పొద్దున ఫస్టు బస్సుకు పోదాం" అంది చివరికి. "నేను గూడా వస్తా."

"నువ్వెందుకు?"

"నిన్నొక్కణ్ణే పంపిస్తే ఇంకో తువ్వాలు పరిచి వస్తావు."

మర్నాడు చేను గట్టు ఎక్కగానే కనిపించింది. రెండేళ్లుగా ఒక్క కాయ కూడా చూడని కళ్లం. నడుమ వట్టి నేల మీద పరిచిన తువ్వాలు. దాని పక్కన కరియ.

గంగప్ప దూరంగా కూర్చుని ఉన్నాడు. "నిన్న సందకాడ నుంచి పిలుస్తాండా అన్నా. సంగటి ముద్ద పెడితే మూతి గూడా పెట్టల్యా. దగ్గరికి పోతే గుర్రుమంటాది."

ముద్ద చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి. కరియ వాళ్లను చూసి తోక ఊపింది కాని లేవలేదు. గంగాధరప్ప గట్టు మీదే నిలబడిపోయాడు.

"ఎత్తప్పా" అంది సువర్ణ. "దానికి నువ్వు తప్ప ఇంకెవరు చెప్పల్ల?"

అతను వంగి తువ్వాలు ఎత్తి, దులిపి భుజాన వేసుకున్నాడు. అప్పుడు లేచింది కరియ. ఒళ్లంతా విదిలించుకుని నీళ్లతొట్టి వైపు పరుగెత్తింది.

"ఇంటికి తీసుకపోదామా?" అన్నాడు గంగాధరప్ప, ఆమె వైపు చూడకుండా. "దాని తప్పేం లేదు కదా."

సువర్ణకు కూడా అదే ఆశ. రాత్రంతా అదే ఆలోచన. "ఆ ఓనరమ్మ ఒప్పుకోదు" అంది. "ఒప్పుకున్నా గూడా, ఆడ కాయనీకి దానికేముంది? రెండు బిందెలు. ఈడైతే మంద ఉండాది. కాని దొంగతనంగా వద్దు. దాని ఎదురుగ్గా ఇయ్యి."

కరియ నీళ్లు తాగి వచ్చాక గంగాధరప్ప తువ్వాలు తీసి గంగప్ప భుజాన వేశాడు. మధ్యాహ్నం దాకా ముగ్గురూ మందతోనే తిరిగారు. గంగప్ప చేతి ముద్ద కరియ మొదట వాసన చూసింది, తర్వాత తింది. ఎండ నడినెత్తికి వచ్చాక గంగప్ప తన సద్దిమూట మీద తువ్వాలు పరిచి, గొర్రెలను నీళ్లకు తోలుకుపోయాడు.

కరియ గంగాధరప్ప ముఖంలోకి చూసింది. అతను తలూపాడు. అది వెళ్లి మూట పక్కన కూర్చుంది.

ఇద్దరూ రోడ్డు దాకా నడిచి బస్సెక్కారు. బస్సు కదిలాక, "ఒక్కసారన్నా తిరిగి చూడల్యా అది" అన్నాడు గంగాధరప్ప.

"ఎట్ల చూస్తాది? పనిలో ఉండాది కదా."

ఆ మాట అంటూనే సువర్ణకు దుఃఖం పొంగుకొచ్చింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. పక్కన గంగాధరప్ప ఆమె కళ్లు తుడవడానికి తువ్వాలు కోసం తన భుజం మీదికి చేయి పోనిచ్చాడు. చేయి అక్కడే ఆగిపోయింది.

సువర్ణ తన కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, ఆ కొంగే అతని చేతిలో పెట్టింది.