అమ్మ కలిపినంత గట్టిగా

ఆ రోజు కూడా రొట్టెలు కోడలే చేసింది. అత్తగారు తింది. ఎలా ఉన్నాయని ఒకరు అడగలేదు, బాగున్నాయని ఇంకొకరు అనలేదు. ఒకప్పుడు ఈ ఇంట్లో రొట్టెల పిండి మీద రోజుకో యుద్ధం నడిచేది. "అంత గట్టిగా కలిపితే పళ్ళు ఊడతాయి" అని కోడలు, "అంత జావగా కలిపితే గోడలకి పూసుకోవచ్చు" అని అత్తగారు. మధ్యలో కూర్చుని రెండు రకాలూ తిని, రెండూ బాగున్నాయని చెప్పి, ఇద్దరి చేతా తిట్లు తినే మనిషి, ఒకరికి కొడుకు, ఇంకొకరికి మొగుడు, ఎనిమిది నెలల క్రితం నిద్రలోనే పోయాడు. అప్పటినుంచి అత్తగారు పిండి ముట్టలేదు. కోడలు పెట్టింది తిని, పళ్ళెం కడిగి బోర్లిస్తుంది. ఇంట్లో ఏడుపూ లేదు, గొడవా లేదు.

"పాత సామాన్లవాడు పదకొండింటికి వస్తాడు," అంది అత్తగారు చెయ్యి కడుక్కుంటూ. "షెడ్డులో ఉన్నదంతా ఇచ్చేద్దాం. కొలిమి, పెట్టెలు, అన్నీ."

"ఇవాళేనా అత్తయ్యా?"

"ఏ రోజైతే ఏముంది?"

కోడలు పెరటి తలుపు వైపు చూసింది. దాని పిడి ఊడిపోయి ఏడాది దాటింది. ఆ రంధ్రంలో తాడు ముక్క దూర్చి ముడేసి, "నాలుగు రోజులు ఆగమ్మా, నేనే పోత పోసి పెడతాను" అన్నాడతను. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. సెలవొస్తే పాత అల్యూమినియం గిన్నెలు కరిగించి ఏదో ఒకటి పోత పోయడం సరదా. పిడికి చెక్క నమూనా చెక్కాడు, నున్నగా రుద్దాడు, రంగు కూడా వేశాడు. పోత మాత్రం పోయలేదు.

ఆ పిడి తను పోయాలని కోడలికి మూడు నెలలుగా ఒకటే పట్టుదల. అతను మొదలుపెట్టిన వాటిలో ఇంకా పూర్తి చేయగలిగింది అదొక్కటే. అతని నోటుబుక్కు చూసి కొలిమి వెలిగించడం నేర్చుకుంది. కరిగిన లోహం ఉన్న గిన్నెని, అంటే మూసని, పట్టకారుతో ఎత్తడం నేర్చుకుంది. తోలు తొడుగులు, బూట్లు, కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదనీ నేర్చుకుంది. తడి ఇసుకను పెట్టెలో దట్టించి, నమూనా నొక్కి తీసి, ఆ గుంటలో లోహం పోస్తే పిడి రావాలి. నాలుగుసార్లు పోసింది. నాలుగుసార్లూ పుచ్చు వంకాయలా బొక్కలతో వచ్చింది. ఇవాళ పదకొండులోపు ఐదోసారి చూడాలి.

షెడ్డులో ఆమె పోసిన లోహం గుంటలోకి దిగిందో లేదో, ఇసుక కుతకుతలాడింది. టప్పుమని చప్పుడై, ఒక చుక్క ఎగిరి ఆమె బూటు మీద పడింది.

తాడు లాగి తలుపు తీసుకుని అత్తగారు పరుగున వచ్చింది. ఆవిడ ఆ గడప దాటడం ఎనిమిది నెలల్లో ఇదే మొదలు.

"కాలు చూపించు."

"ఏం కాలేదత్తయ్యా. బూటు కాలింది."

"ఇవాళ బూటు. రేపు? నిన్ను కూడా మోసుకెళ్ళమని ఎవర్ని పిలవను నేను?"

"పిడి అయ్యాక అమ్మెయ్యండి. వద్దనను."

"పిడి లేకపోతే తలుపు తెరుచుకోవడం లేదా?"

"మీరు తెరవడం లేదుగా."

కోడలు తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. "నా వల్ల కావడం లేదు. పుస్తకంలో రాసినట్టే చేస్తున్నా."

"ఏం రాశాడు?"

ఆవిడ ఆ పుస్తకం ముట్టుకోదని తెలుసు కనక కోడలే చదివింది, కరెంటు బిల్లు చదివినట్టు. "ఇసుకలో బంకమట్టి వేసి, నీళ్ళు చిలకరిస్తూ పిసకాలి. అమ్మ పిండి కలిపినంత గట్టిగా. మా ఆవిడ కలిపినట్టు కలిపామా, కొంప మునిగిందే."

"ఇది పెట్టుకుని నన్ను అడగలేదేం?"

"మీరు పిండి ముట్టుకోవడమే మానేశారు. ఎలా అడగను? గుర్తున్నంతలో గట్టిగానే కలిపాననుకున్నా."

అత్తగారు వంగి చిటికెడు ఇసుక తీసి నలిపింది. "ఇదేం గట్టి? ఇది నీ పిండే." కింద కూర్చుని పొడి ఇసుక ఇంకో రెండు దోసిళ్ళు వేసి, అరచేత్తో అదిమి అదిమి కలిపింది. పిడికెడు తీసి బిగించి, రెండుగా విరిచింది. అంచు రాలకుండా విరిగింది. "ఇలా విరగాలి. చిన్నప్పుడు వాడు పిండి ముద్ద ఎత్తుకుపోయి ఇలాగే విరిచి చూసేవాడు."

ఆ మాటతో ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఆ రోజు నేను లేపలేదే," అంది నేలచూపులతో. "సెలవు కదా, పడుకోనీ అనుకున్నా. త్వరగా లేపుంటే..."

"నేనూ లేపలేదు అత్తయ్యా. పక్కలోంచి లేచి వచ్చి రొట్టెలు చేసుకున్నా. పిలిచి కూడా చూడలేదు."

ఒకరి ముఖం ఒకరు చూడలేక ఇద్దరూ ఇన్నాళ్ళూ దాచుకున్నది ఒకటే. మూసలో ఇంకా సగం లోహం ఉంది. కోడలు మళ్ళీ కొలిమి మీద పెట్టింది. అత్తగారు పెట్టెలో ఇసుక దట్టించింది.

ఈసారి లోహం చప్పుడు లేకుండా దిగింది. చల్లారాక ఇసుక పగలగొడితే పిడి వచ్చింది. ఒక చివర చిన్న సొట్ట ఉంది, అంతే. పదకొండింటికి గేటు దగ్గర కేక వినబడితే, "ఇవ్వడానికేం లేదు నాయనా, వెళ్ళిరా" అంది అత్తగారు చేతుల ఇసుక దులుపుకుంటూ.

మర్నాడు పొద్దున కోడలు లేచేసరికి పెరటి తలుపు కొత్త పిడితో బార్లా తెరిచి ఉంది. అత్తగారు పిండి కలిపి, రొట్టెలు కాల్చి, పళ్ళెంలో పెట్టింది. కోడలు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఎనిమిది నెలలుగా రాని ఏడుపు ఆ ముక్క సగం నమిలేసరికి వచ్చింది. ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

అత్తగారు పక్కన కూర్చుని, కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"గట్టిగా ఉందా?"

"ఉందత్తయ్యా."

"ఉంటుంది. నములు."