ముప్పయ్యో మెదడు

మొదటి పరిచయంలోనే ఆమె అతన్ని కాలర్ పట్టుకుని నేల మీద పడేసింది.

తప్పు అతనిదే. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చి, చేతిలో స్పానర్‌తో స్కానింగ్ గది తలుపు తోశాడు. లోపలున్న యంత్రం పెద్ద అయస్కాంతం. ఇంకో రెండడుగులు వేసి ఉంటే స్పానర్ తూటాలా ఎగిరి యంత్రానికి తగిలేది.

అతను వెల్లకిలా పడుకునే అన్నాడు. "గది చల్లబడ్డం లేదని ఫోన్ చేశారు. మనిషిని చంపుతారని చెప్పలేదండి."

ఆమె క్షమాపణగా టీ ఇప్పించింది. ఏసీ రిపేరు వారం పట్టింది. టీ కూడా వారం సాగింది. రెండో రోజే ల్యాబ్ అంతా అతనికి 'కూలింగ్' అని పేరు పెట్టేసింది.

ఆమె పరిశోధన ఎదుటివాళ్ళ నొప్పి మీద. మనకు నొప్పి పుడితే మెదడులో కొన్ని భాగాలు పనిచేస్తాయి. వేరేవాళ్ళకు నొప్పి పుట్టడం చూసినా వాటిలో కొన్ని పనిచేస్తాయి. అందుకే వాలంటీర్లను స్కానర్‌లో పడుకోబెట్టి వీడియోలు చూపిస్తుంది. ఒకదాంట్లో ఒక చేతికి సూది గుచ్చుకుంటుంది. ఇంకోదాంట్లో అదే చేతికి దూది తగులుతుంది.

ఆ చెయ్యి ఆమెదే. నలభై సార్లు గుచ్చించుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. కానీ అది ఎవరి చెయ్యో వాలంటీర్‌కు తెలియకూడదు. తెలిస్తే ఆ లెక్క చెల్లదు. అందుకే వాలంటీర్ల ముందు ఆమె ఎప్పుడూ గ్లోవ్స్ తియ్యదు.

ముప్పై మంది కావాలి. ఇరవై తొమ్మిది మంది అయ్యారు. ముప్పయ్యో మనిషి జ్వరమని ఎగ్గొట్టాడు. శుక్రవారం సాయంత్రం అయిదులోగా ముప్పై మంది లెక్కలూ పంపకపోతే స్కానర్ వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి.

ఇదంతా విని కూలింగ్ అడిగాడు. "నా మెదడు పనికొస్తుందాండీ? అసలు ఉందని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు."

గురువారం అతన్ని స్కానర్‌లో పడుకోబెట్టింది, గ్లోవ్స్ వేసుకునే. బయటికి వచ్చాక, ఆ చెయ్యి ఎవరిదో తెలుసా అని అందర్నీ అడిగినట్టే అడిగింది. అతను సీలింగ్ వైపు చూసి తెలీదన్నాడు.

ఆమెకు గుండె తేలికపడింది. వెంటనే ఎందుకో కాస్త చిరాకేసింది. ఆ చిరాకు ఎందుకొచ్చిందా అని ఇంకా చిరాకేసింది.

స్క్రీన్ మీద అతని మెదడు బొమ్మ చూసి ఆమె గైడ్ మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. సూది వీడియోకి సరే, దూదికి కూడా ఇంత స్పందన ఏమిటని అడిగింది. యంత్రం బాగానే ఉంది. మనసులో ఏముందో ఈ రంగులు చెప్పవు, మనిషినే అడగమంది మేడమ్.

అడగాల్సిన పని పడలేదు. శుక్రవారం ఉదయం అతనే వచ్చాడు, పనిముట్ల సంచీ లేకుండా.

"నిన్న అబద్ధం చెప్పానండి. ఆ చెయ్యి మీది."

"ఎలా తెలుసు?"

"నా కాలర్ పట్టుకున్నది అదే కదా. బొటనవేలి పక్కన కాలిన మచ్చ. వారం రోజులు టీ తాగుతూ దాన్నే చూశాను."

గ్లోవ్స్ విషయం టీ దగ్గర పూర్తిగా మర్చిపోయిందామె. "మరి తెలీదని ఎందుకన్నారు?"

"ముప్పై నిండాలి కదా అని. ఇంటికెళ్ళాక అనిపించింది, నా వల్ల మీ పనిలో ఒక అబద్ధం ఉండిపోతుందని."

"సూది గుచ్చినప్పుడు ఏమనిపించింది?"

"లేచొచ్చి ఆపాలనిపించింది. కదలొద్దన్నారు, కదల్లేదు."

"దూది తగిలినప్పుడు?"

"దూది మీద అసూయ వేసిందండి."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లెక్క మళ్ళీ ఇరవై తొమ్మిది.

అతను ఫోన్ తీశాడు. వాళ్ళ అక్క బస్ కండక్టర్. ఈమెను అక్క ఎప్పుడూ చూడలేదు. చెయ్యి సంగతి ఒక్క ముక్క చెప్పకుండా, ల్యాబ్‌లో ఒకమ్మాయికి సాయం కావాలని అర్జంటుగా రమ్మన్నాడు.

మూడింటికి అక్క దిగింది. అక్క కంటపడకుండా ఆమె వెళ్ళి సామాన్ల గదిలో దాక్కుంది. స్కాన్ మేడమ్ చేసింది. తలుపు సందులోంచి అక్క గొంతు వినిపిస్తూనే ఉంది. "అమ్మాయిని చూద్దామని వస్తే నన్నీ గొట్టంలో పడుకోబెడతారేంట్రా?"

నాలుగున్నరకు అయిపోయింది. చెయ్యి ఎవరిదో తెలీదంది అక్క. ఎవరి పిల్లో పాపం, అలా గుచ్చేస్తారా అని మేడమ్‌ని కోప్పడింది కూడా.

ముప్పై నిండింది. ఆమె బయటికి పరుగెత్తుకొచ్చింది. మేడమ్ ఒక ఫారం ముందు పెట్టింది. కూలింగ్ లెక్క తీసేస్తున్నందుకు కారణం రాయాలి. అందులో ఒక ప్రశ్న, 'ఈ వాలంటీర్ మీకు ఏమవుతారు?'

"ఇంకా ఏమీ అవరు మేడమ్."

"ఏమీ కాకపోతే తియ్యడమెందుకు? ఉంచేద్దాం."

అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను గాల్లోనే ఆగింది. గోడ గడియారం నాలుగు యాభై అయిదు.

గబగబా ఒక ముక్క రాసేసి కాగితం తిప్పి పెట్టింది. అక్క ఊరుకుంటుందా? లాక్కుని, స్టాపు పేరు పిలిచే గొంతుతో వరండా అంతా మోగేలా చదివింది.

"నేను ఇష్టపడే మనిషి."

కూలింగ్ గోడకు ఆనుకుపోయాడు. అక్క అతని వంక కూడా చూడలేదు. కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"ముందు ఇది పంపవే మరదలా. అయిదవుతోంది."